తప్పు లేని వాక్యం

ఈమధ్య ఒక మధ్యాహ్నం మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర ఫోను ముందు పెట్టుకుని ఇంగ్లీషు పాఠం చేసుకుంటోంది. ఒక వాక్యం, మధ్యలో ఖాళీ గీత, కింద నాలుగు సమాధానాలు. సరైనదాన్ని వేలితో తాకితే పచ్చరంగు వస్తుంది, తప్పయితే ఎర్రరంగు. మూడుసార్లు ఎర్రరంగే వచ్చేసరికి దానికి ఏడుపొచ్చింది.

"అమ్మమ్మా, 'ఐ సా' తర్వాత 'షీ' ఎందుకు రాదు? చూసింది ఆమెనే కదా!"

"ఆమెని అన్నావు కదా. ఆ 'ని' ఉందే, అదే 'హర్'. ఆ తర్వాత ఆమె ఏం చేస్తుంటే చూశావో ఆ పనికి 'ఇంగ్' తగిలించు" అన్నాను.

అన్నాక నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఆ మాటలు నావి కావు. యాభై ఏళ్ల కిందట ఒక టీచరమ్మ నోట విన్నవి. పిల్ల పచ్చరంగు తెప్పించుకుని తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. నేను మాత్రం ఒలుస్తున్న చిక్కుడుకాయలు గిన్నెలో వదిలేసి అలాగే కూర్చుండిపోయాను.

ఆ రోజుల్లో మా నాన్న పోర్టులో గుమాస్తా. పాత ఊరికి ఆనుకుని, రేవుకు బాగా దగ్గరలో మా పెంకుటిళ్ల వరస ఉండేది. ఇప్పుడు ఆ చోట లారీలు నిలుపుతున్నారు. మా వరసలో ఉదయం ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగేది. ఓడల్లోకి ఎత్తే ఇనపరాయి దుమ్ము మా చూరుల మీద, తులసికోట మీద, ముక్కు పుటాల్లో కూడా పేరుకునేది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన, యార్డు వైపు నుంచి వీస్తే బొగ్గు వాసన. ఏ వాసనా లేకపోతే జలుబు చేసిందేమోనని అమ్మ మా నుదురు తాకి చూసేది.

ఓడల మీద వచ్చే దొరలు ఏదైనా అడిగితే నాన్నకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. రెండింటికీ "యస్ సార్" అనే చెప్పేవారు. ఒకసారి అలా అన్నందుకు సరుకు వేరే షెడ్డుకు వెళ్లిపోయిందట. పై అధికారి అందరి ముందూ నాన్నను నిలబెట్టి, "తెలియకపోతే తెలియదని చెప్పడానికైనా ఇంగ్లీషు రాదా?" అన్నాడట. ఆ సాయంత్రం నాన్న అన్నం తినలేదు. అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు. ఇంట్లో ఒక్కరైనా ఆ భాషలో తిరిగి మాట్లాడాలి.

ఇంట్లో ఉన్నదే నేను ఒక్కదాన్ని. ఆదివారం పొద్దున్నే నాన్న నా చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకెళ్లేవారు. ఓడల మీద రాసి ఉన్న పేర్లు నాచేత చదివించేవారు. నేను తప్పు చదివినా ఆయనకు తెలిసేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగి, నాకు రెండు, తనకు ఒకటి. ఆ ఆదివారం నాది. ఆ చెయ్యి నాది. అది ఇంకొకరు పట్టుకోగలరని నాకు ఎప్పుడూ తోచలేదు.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడు వదిన వచ్చింది.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది పెద్ద. ఎలమంచిలి దగ్గర పల్లె వాళ్లది. మేనత్త భర్త పోయాడు. ఊళ్లో బడి అయిదో తరగతితోనే సరి. "పిల్లకి సదువు మీద పేనం అన్నియ్యా" అని మేనత్త ఏడిస్తే, నాన్న వెళ్లి వెంటబెట్టుకొచ్చారు. ఒక రేకు పెట్టె, ఒక బెల్లం దిమ్మ, ఒక తేగల కట్ట, తలకు చిక్కటి ఆముదం. అదీ ఆమె దిగిన తీరు.

వచ్చిన మర్నాడే నాన్న ఇద్దర్నీ రేవుకు తీసుకెళ్లారు. అప్పుడే ఒక ఓడ కదులుతోంది. వదిన నా భుజం గట్టిగా పట్టుకుని, "ఓలమ్మా! అంత ఇల్లు నీల మీద ఎల్లిపోతందేటే!" అంది. నేను పడీపడీ నవ్వాను. ఓడ అంటే ఏమిటో, లంగరు అంటే ఏమిటో అన్నీ నేనే చెప్పాను. కళ్లు ఇంతలేసి చేసుకుని వింది. ఆమెకు ఏమీ తెలియనన్నాళ్లూ నాకు వదిన అంటే ఎంతో ఇష్టం.

ఆ తర్వాతి ఆదివారం జనం ఎక్కువగా ఉన్నారు. పల్లెటూరి పిల్ల, తప్పిపోతుందని నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నారు. నేను వెనకాల నడిచాను. బజ్జీలు తలో ఒకటి వచ్చాయి. ఇంటికొచ్చాక కడుపునొప్పి అని పడుకున్నాను. నొప్పి కడుపులో కాదని అమ్మకు తెలుసు. అమ్మ కూడా ఆ వారం నుంచే వదినతో మాట తక్కువ చేసింది. "మీ నాయినకి మేనకోడలు కూత్తే కోయిల కూసినట్టుంటది" అని గిన్నెలతో చెప్పేది. కుళాయి దగ్గర వరసలో నిలబడటం, రాత్రి మిగిలిన చద్దన్నం తినడం వదిన వంతుకు వచ్చాయి. వదిన దేనికీ కాదనేది కాదు.

మా వరస చివర, రైలు పట్టాల పక్కన, టీచరమ్మ ఇల్లు. ఆంగ్లో ఇండియన్. వాళ్ల నాన్న రైలింజను డ్రైవరుగా చేసి పోయాడు. ఆమె ఏదో బడిలో పాఠాలు చెప్పి రిటైరై ఒక్కతే ఉండేది. పువ్వుల గౌను, తెల్ల గుడ్డ బూట్లు. ఆమె ఇంగ్లీషు మాట్లాడితే రేడియోలో వార్తలు విన్నట్టుండేది. తెలుగు మాట్లాడితే చేపల బజారులో నిలబడినట్టుండేది. పుట్టి పెరిగింది ఇక్కడే, ఆమెకు మరో తెలుగు తెలియదు. ఇల్లంతా కలరా ఉండల వాసన, దాని మీద వనిల్లా వాసన. మాకు చదువు చెప్పినందుకు ఏమీ పుచ్చుకునేది కాదు. అమ్మ పంపే నెత్తళ్ల పులుసు మాత్రం గిన్నె అడుగు కనబడేదాకా తినేది.

నాన్న వదినను నా తరగతిలోనే చేర్పించారు. సాయంత్రం బడి నుంచి రాగానే ఇద్దరం ఆమె వరండాలో చాప మీద కూర్చునేవాళ్లం. ఆ చాప మీదే ఈ వాక్యాలు మొదలయ్యాయి.

"బయటికి సూడండి. ఎవుల్ని సూసేరు? ఏటి సేత్తంటే సూసేరు?" అనేది టీచరమ్మ.

పట్టాల వెంట ఒక మనిషి పరిగెడుతున్నాడు. "ఐ సా హీ ఈజ్ రన్నింగ్" అన్నాను.

"అలగ కాదు తల్లీ. ఆడు పరిగెడతన్నాడు, అదొక ముక్క. నాను సూసేను, అదింకో ముక్క. రెండూ విడివిడిగా ఒగ్గేసేవు. అతికీ. ఆణ్ణి సూసేను, పరిగెడతంటే సూసేను. 'హీ' కాదు, 'హిమ్'. ఐ సా హిమ్ రన్నింగ్. ఆ పని అయిపోలేదు, అవతా ఉంది. నువ్వు మజ్జిలో తలుపు తీసి సూసేవన్నమాట."

ఇలాంటి క్రియలు పది పన్నెండు చెప్పింది. చూడటం, వినడం, పట్టుకోవడం, వదిలేయడం, ఉంచడం. ఒక రోజు మేం వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. కొట్టాం, పిలిచాం. లోపల అడుగుల చప్పుడు వినబడుతోంది గాని తలుపు తియ్యదు. పావుగంట ఎండలో నిలబెట్టి, అప్పుడు తలుపు తీసి, చిన్నపిల్లలా నవ్వుతూ, "ఐ కెప్ట్ యూ వెయిటింగ్!" అంది. మా చెమట తన గౌను అంచుతోనే తుడిచింది. "ఇప్పుడు మర్సిపోతారేటి?"

వదిన మరిచిపోలేదు. ఆ మాటలు ఆమెకు ఆటలా పట్టుబడ్డాయి. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెల కోసం తగువులాడితే ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి, "మావయ్యా, ఐ హర్డ్ దెమ్ ఫైటింగ్!" అనేది. పిల్లి పాలగిన్నెలో మూతి పెడితే, "ఐ కాట్ ఇట్ డ్రింకింగ్!" నాన్న ముఖం వెలిగిపోయేది. ఇంటికి ఎవరొచ్చినా ఆమెను పిలిచి, "మా మేనకోడలు. ఒక ముక్క సెప్పమ్మా" అనేవారు. నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. పెరట్లోకి వెళ్లి అవే మాటలు పదిసార్లు అనుకునేదాన్ని. లోపల అనుకున్నప్పుడు 'హర్' అని వచ్చేది. నలుగురి ముందు నోరు తెరిస్తే 'షీ' అని పడేది.

ఒక రోజు ఆమె తాగే చోడి అంబలిలో, అదే రాగిజావలో, గుప్పెడు ఉప్పు వేశాను. ఒక్క గుక్క తాగి, కళ్లు నీళ్లు తిరుగుతుంటే, "ఏటే ఇది, సముద్రం గానీ వొంపేసేరేటి ఇందల?" అని నవ్వింది. గ్లాసు పారబొయ్యలేదు, నీళ్లు కలుపుకుని మొత్తం తాగేసింది. ఆ నవ్వు చూసి కూడా నాకు కుళ్లే. అలాంటిది నాకెవరైనా చేస్తే నేను ఇల్లు ఎగరగొట్టేదాన్ని. ఆమెకు నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది?

డిసెంబరులో టీచరమ్మ కేకు చేసేది. కిరసనాయిలు స్టవ్వు మీద ఇసుక పోసిన దబర, అందులో కేకు గిన్నె. ఆ సాయంత్రం ఆమె మాకు పాఠం చెబుతూ దాని సంగతి మరిచిపోయింది. నా వంతు. ఏదో ఒకటి వినాలి, విన్నది చెప్పాలి. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. ఇంతలో వదిన ముక్కు ఎగబీల్చి, చటుక్కున లేచి, "టీచర్! ఐ కెన్ స్మెల్ ఇట్ బర్నింగ్!" అని అరిచింది.

టీచరమ్మ లోపలికి పరిగెత్తింది. కేకు ఒక పక్క బొగ్గయింది. అయినా దాని మీద ఆమెకు దిగులే లేదు. మసి చేతులతోనే వచ్చి వదిన బుగ్గలు పట్టుకుంది. "స్మెల్! నాను సెప్పలేదు ఆ మాట! నువ్వే అతికించేవా? నీ అంతట నువ్వే?" అంటూ ముద్దుపెట్టుకుంది. మాడని పక్క నుంచి పెద్ద ముక్క కోసి ఆమెకిచ్చింది. నాకు మధ్యలోది ఇచ్చింది. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, కాస్త మసి. అంత రుచిగల పదార్థం నేను అంతకు ముందు తినలేదు. అయినా నా కళ్లు వదిన చేతిలోని ముక్క మీదే ఉన్నాయి.

వేసవి ముందు ఒక కబురు వచ్చింది. కొండమీది కాన్వెంటులో ఎనిమిదో తరగతిలో ఒక పిల్లను చేర్చుకుంటామని అక్కడి పెద్ద సిస్టరు టీచరమ్మకు చెప్పిందట. టీచరమ్మ ఉత్తరం రాస్తే చాలు, చదువు, పుస్తకాలు, మధ్యాహ్నం భోజనం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఒక్క పిల్లకే. నాన్న ఆ రోజు చెప్పులు విప్పకుండా ఇంట్లో తిరిగారు. "ఇద్దర్లో ఎవులెల్లినా నాకు ఒకటే" అన్నారు. అలా అంటూ వదిన వైపు చూశారు.

టీచరమ్మ, "నానెవుల్నీ ఎంచను. ఆదివారం పొద్దున్న పరీచ్చ పెడతాను. వరండాలో కూకుని, సూసింది, ఇన్నది రాయండి. ఎవులు బాగా రాత్తే ఆళ్లు" అంది.

ఆ శనివారం వదినకు ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. మేనత్తకు రాయడం రాదు, ఎవరిచేతో రాయించేది. వదిన నీళ్ల డ్రమ్ము వెనక కూర్చుని చదువుకోవడం, మోచేత్తో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మర్నాడు పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ నీలిరంగు కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకోవడమూ చూశాను. కాబట్టి అది ఏమిటో నాకు తెలుసు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను.

వరండాలో ఆ మూల ఆమె, ఈ మూల నేను. టీచరమ్మ మధ్యలో కుర్చీలో కూర్చుని ఏదో అల్లుకుంటోంది. గూడ్సు బండి పోయింది, చేపల మనిషి కేక వేసింది, ఎదురింటి ముసలాయన దగ్గాడు. నేను ఆరు వాక్యాలు రాశాను. నాలుగింట్లో 'షీ', 'హీ' అని రాసి కొట్టేసి, మళ్లీ అదే రాశాను. వదిన రెండు పేజీలు నింపేసి కలం పక్కన పెట్టింది. టీచరమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అప్పుడు వదిన ఆ కాగితం తీసి, ఒళ్లో విప్పుకుని చదువుకోసాగింది. పెదవులు కదులుతున్నాయి. టీ గ్లాసులతో టీచరమ్మ గుమ్మంలోకి రాగానే గభాలున అరచెయ్యి కాగితం మీద కప్పింది.

నేను లేచి నిలబడ్డాను. ముందుగా అనుకున్నది కాదు. పెరట్లో పదిసార్లు చెప్పుకున్నా రానిది, ఏ తడబాటూ లేకుండా నోట్లోంచి వచ్చేసింది.

"టీచర్, ఐ సా హర్ కాపీయింగ్."

టీచరమ్మ ముఖం ముందు విచ్చుకుంది. "హర్! షీ కాదు, హర్! ఎన్నాళ్లకి తల్లీ!" అంటూ నా వైపు ఒక అడుగు వేసింది. ఆ అడుగులోనే ఆ మాటకు అర్థం కూడా ఆమెకు అందింది. చేతిలో గ్లాసులు కిందపెట్టింది.

"ఒళ్లో ఏటుందమ్మా?"

వదిన అరచెయ్యి కాగితం మీంచి తియ్యలేదు.

"సూపించు."

వదిన నా వైపు చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. అలా చూడలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు, ఏదో బేరీజు వేసుకుంటున్నట్టు చూసింది. తర్వాత కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"సూపించను టీచర్."

"కాపీ సేసేవా?"

వదిన కలానికి మూత పెట్టింది. టీచరమ్మ ఆమె రాసిన రెండు పేజీలు తీసుకుని, చదవకుండానే మడిచి, అల్లిక బుట్టలో పెట్టింది. టీ ఎవరూ తాగలేదు.

ఆ సాయంత్రం వదిన నీళ్లకు వెళ్లినప్పుడు ఆమె రేకు పెట్టె తెరిచాను. ఉత్తరం పావడాల కింద ఉంది. ఎవరో గుండ్రటి అక్షరాలతో మేనత్త మాటల్ని ఉన్నవున్నట్టు రాశారు. "నువ్వు రాసిన కాయితం సదివించుకున్నాను. మీ అత్త ఏటన్నా నోరెత్తకు. సద్దన్నం పెడితే సద్దన్నమే తిను. మీ మావయ్యకి మాత్రం సెప్పకు. నీ మూలంగా ఆలుమగలు మాటాడుకోకుండా అయితే ఆ పాపం మనది. నువ్వు రోజూ ఏడిసి తొంగుంటన్నావని తెలిసి నాకు కూడు దిగలేదు. నువ్వు సదువుకోవాలి గాని ఏడవకూడదు. నిన్ను తలుసుకోకుండా నాను దీపం పెట్టను."

అప్పుడు అర్థమైంది ఎందుకు చూపించలేదో. ఆ కాగితం టీచరమ్మ చదివితే నాన్నకు చేరేది. నాన్నకు చేరితే మా ఇంట్లో అగ్గి రగిలేది. వదిన ఆ రెండు నిమిషాల్లో బేరీజు వేసుకున్నది అదీ.

నేను పరిగెత్తుకెళ్లి నిజం చెప్పి ఉండవచ్చు. టీచరమ్మ ఇంకా ఉత్తరం రాయలేదు, మంగళవారం రాస్తానంది. మధ్యలో సోమవారం అంతా ఉంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను ఏమనుకున్నానో చెబితే ఇప్పటికీ సిగ్గు. మా అమ్మ నా గురించి ఎప్పుడూ అలాంటి మాట అనలేదే అనుకున్నాను. అక్షరం ముక్క రాని తల్లి రాయించిన ఆ నాలుగు వాక్యాలు కూడా ఆమెకే ఎందుకు ఉండాలి అనుకున్నాను. ఉత్తరం యథాప్రకారం మడిచి పావడాల కింద పెట్టేశాను.

సీటు నాకు వచ్చింది. నాన్న వదినను తిట్టలేదు, అడగలేదు. ఆమెను పిలిచి "ఒక ముక్క సెప్పమ్మా" అనడం మాత్రం మానేశారు. తర్వాతి ఆదివారం నన్ను ఒక్కదాన్నే రేవుకు తీసుకెళ్లారు. వదిన గుమ్మంలో నిలబడి చూసింది. నా చెయ్యి నాన్న చేతిలో ఉంది. నేను కోరుకున్నదంతా అదే.

ఆ రోజు రేవులో ఒక విదేశీ ఓడ ఉంది. దాని ఆఫీసరు నాన్నకు ముఖ పరిచయం. ఎర్రటి ముఖం, తెల్ల యూనిఫారం. నాన్న నన్ను ముందుకు తోసి, "మై డాటర్. కాన్వెంటు" అన్నారు. ఆయన వంగి, నవ్వుతూ, నన్ను ఏదో అడిగాడు. ఏం చూడటానికి వచ్చావు అనో, ఓడ నచ్చిందా అనో. ఆయన మళ్లీ నెమ్మదిగా అడిగాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూస్తున్నారు. చివరికి, "యస్ సార్" అన్నాను.

ఆయన నా తల నిమిరి వెళ్లిపోయాడు. తిరిగి వస్తుంటే నాన్న బజ్జీల బండి దగ్గర ఆగలేదు. మా వీధి మలుపులో తనలో తాను అనుకున్నట్టు, "అదుంటే టకటకా సెప్పీసును" అన్నారు. నా చెయ్యి వదలలేదు. కానీ ఆ చెయ్యి నాది కాదని నాకు అప్పుడు తెలిసింది.

వేసవి సెలవులకు ఊరెళ్లిన వదిన తిరిగి రాలేదు. అమ్మకు కాస్త ఊపిరాడింది. ఆరు నెలలకు టీచరమ్మ కూడా చెల్లెలి దగ్గరకు, ఖరగ్‌పూర్‌కు ప్రయాణమైంది. సామాను కట్టిన గదిలో, కలరా ఉండల వాసన మధ్య, వీడ్కోలు చెప్పడానికి వెళ్లాను. కాన్వెంటు యూనిఫారంలో ఉన్నాను. ఆమె అల్లిక బుట్టలోంచి ఆ రెండు పేజీలు తీసింది.

"ఇయ్యాల సదివేను. ఇరవై రెండు వాక్యాలు. అన్నీ ఆ పొద్దున్న మన ముందు జరిగినియ్యే. గూడ్సు బండి, సేపల మనిసి, దగ్గు. నాను అల్లుకోడం కూడా రాసింది. ముందు రోజు కాయితం మీద ఇయ్యన్నీ ఎలగ రాసుకొత్తాది?"

నేను తల వంచుకున్నాను.

"నువ్వు ఎప్పుడు మాటాడినా ఏదో ఒక తప్పు ఉండేది. ఆ రోజు నీ వాక్యంలో తప్పు నేదు. అందుకే నమ్మీసేను." కాగితాలు మళ్లీ బుట్టలో పెట్టుకుంది. "ఎవుల్తోటీ సెప్పనులే. సదువుకో."

ఆమె ఎవరితోనూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాన్వెంటు చదువు నన్ను స్టీలు ప్లాంటు ఆఫీసులో ఉద్యోగం దాకా తీసుకెళ్లింది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో ఉత్తరాలు టైపు చేశాను, ఒక్క తప్పు పోలేదు. నాన్న పోయారు, తర్వాత అమ్మ. పెళ్లిళ్లలో, కర్మకాండల్లో వదిన కనిపించేది. పలకరింపులు అయ్యేవి. ఆమె పెళ్లి అచ్యుతాపురం వైపు అయింది. పొలాలు ఫ్యాక్టరీలకు పోయాక, ఆమె అక్కడి పనివాళ్లకు భోజనాల మెస్సు పెట్టింది. అంతే నాకు తెలిసింది.

మనవరాలి పాఠం అయిన మూడో రోజు నేను బస్సెక్కాను.

వదిన మెస్సు వెనక, రేకుల కింద, కాళ్లు చాపుకుని చింతకాయలు చితగ్గొడుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి, "ఏటే, ఫోనైనా సెయ్యకుండా?" అని పీట జరిపింది. కోడలిని కేకేసి టీ పెట్టమంది. నేను టీ వచ్చేదాకా ఆగలేదు. నిలబడే చెప్పాను. అది ఉత్తరం అని నాకు తెలుసని, తెలిసే అన్నానని, ఆ సాయంత్రం పెట్టె తీసి చదివానని కూడా చెప్పాను.

ఆమె చేతిలో రోకలి ఆగలేదు.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"పెట్టిలో కాయితం మడత మారిపోనాది. నాను సదివినాక అచ్చరాలు లోపలికుండేలా మడిసేదాన్ని. నువ్వు బయటికి మడిసీసేవు."

నేను పీట మీద కూర్చున్నాను.

"కోపం రాలేదా వదినా?"

"రాకపోడమేటి? పదేళ్లు నీ పేరు సెప్తే కూడు సయించీది కాదు. నీ పెళ్లికి జొరమని కబురెట్టేను గుర్తుందా? జొరం నేదు, ఏటీ నేదు. ఇంట్లో కూకుని సేపల పులుసు ఒండుకుని తిన్నాను." ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "తరవాత పిల్లలు, పొలం, ఈ మెస్సు. కోపం పెట్టుకోడానికి తీరికేదే? మావయ్యకి సెప్పేవా ఎప్పుడైనా?"

"లేదు."

"మంచి పని సేసేవు. సెప్తే ఆయన తట్టుకోలేకపోను."

అప్పుడు కూడా, ఆ మాటకు కూడా, నా లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంది. నా తండ్రి దేన్ని తట్టుకోగలడో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

టీ వచ్చింది. వదిన చేతులు కొంగుకు తుడుచుకుని గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి, నా వైపుకు కాస్త వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒకటి సెప్పు. ఆ కాన్వెంటు లోపల ఎలగుండేది?"

ఆమె ముఖంలో వెటకారం లేదు. ఎన్నాళ్లుగానో ఎవరినీ అడగలేక దాచుకున్న ప్రశ్న అది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎర్ర నేల నున్నగా మెరిసేదన్నాను. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పెట్టేవన్నాను. పొద్దున్నే పాట పాడించేవాళ్లు, తెల్ల సాక్సులకు మరక ఉంటే ఇంటికి పంపేసేవాళ్లు అన్నాను. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే వింటోంది. మధ్యలో కోడలు ఏదో అడగడానికి వస్తే చెయ్యి ఊపి ఆపింది.

"నువ్వెక్కడ కూకునేదానివి?"

"కిటికీ పక్కన. మూడేళ్లూ అక్కడే."

"కొండ మీద కదా, కిటికీలోంచి ఏటి కనబడేది? ఓడలు కనబడేవేటి?"

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. బెంచీ గుర్తుంది, దాని మీద గీతలు గుర్తున్నాయి. ముందు కూర్చున్న పిల్లల జడలు, వాళ్ల మార్కులు, ఎవరికి నాకంటే ఎక్కువ వచ్చాయో అన్నీ గుర్తున్నాయి. కిటికీ గుర్తుంది. దాని అవతల ఏముండేదో ఎంత వెతికినా దొరకలేదు. వదిన ఇంకా నా నోటి వైపే చూస్తోంది.

"నేను చూడలేదు వదినా" అన్నాను.